పూవు చేయు పని



ఆముదపు చేను చూడనివారు మీలో నుండరు. గెల వేసిన మొక్కయొద్ద ఒక్క నిమిషము నిలిచి చూచినచో దానియందు రెండు తెగల పూవులు కనబడును. గెల క్రిందిభాగమున పసుపుపచ్చని పొడితో గుత్తులు గుత్తులుగా నుండునవి ఒక తెగ. పైభాగమున మెత్తని ముండ్లుగల చిన్న పిందెయు, దాని కొనను ఎఱ్ఱని కుచ్చును గలిగి యుండునవి రెండవ తెగ. కొలది దినములలో క్రింది పూవులు రాలి నేలపై కలిసిపోవును. పై పూవులు నిలిచి మూడేసి గింజల కాయలగును. రాలిపోయినవి పనికిమాలిన పూవులనియు, కాయగాచినదే అసలు పూవనియు తలంచుట సహజము. నేనును పిన్నతనమున అట్లే తలంచితిని. యూరపు ఖండమునందలి గొప్ప పండితులు పెక్కురు 17వ శతాబ్దము కడపటి వఱకు అట్లే తలంచిరి. ఆ తలంపు ఎట్లు మారెనో, ఎవరు మార్చిరో, మార్పువలన మన చేలకు ఏమి వచ్చెనో ఈ దినము మీతో ముచ్చటింపదలచితిని.

మొదట నా తప్పొకటి చెప్పుకొందును. మాది పాలమూరు సీమ. నాకు ఎనిమిదేండ్ల వయస్సున మా నాయనమ్మ దొడ్డిలో గుమ్మడితీగను పాకపైకి పాకించినది. బతుకమ్మ పండుగ వచ్చెను. మా అక్కలిద్దఱును తంగేడు, గునుగు పూవులకై చేలగట్లవెంట తిరుగుచుండగా, గుమ్మడిపూవులు తెచ్చు పని నాకు అప్పగించిరి. పిందెగల పూవును ముట్టరాదని నాకు తెలియును. పొడుగైన కాడపై పిందె లేక విచ్చు పూవులను మా యింట గొడ్డుపూలందురు. గొడ్డుపూలే గదా యని తొమ్మిది దినములును తెల్లవాఱకముందే పాక యెక్కి ఒక్కటియు మిగులకుండ కోసితిని. బతుకమ్మ మా వాడలో నన్నిటికంటె ఎత్తుగా నిలిచెను. నేను పొంగిపోతిని. పండుగ యైన పిమ్మట చూడగా తీగమీది పిందెలన్నియు పసుపువన్నె తిరిగి, మెత్తబడి, ఒకటొకటిగా రాలిపోయెను. ఆ యేడు మాకు గుమ్మడికాయ లేదు. సంక్రాంతికి పొరుగువారిని అడిగి తెచ్చుకొంటిమి. మా నాయనమ్మ కొట్టలేదు, తిట్టలేదు. “నాలుగు పోతుపూలన్న తీగకు ఇడ్వాలె బిడ్డా” అని మాత్రము అన్నది. ఎందుకని అడిగితిని. ఆమెకు తెలియదు. వాళ్ల అత్త చెప్పినదట.

ఆ ‘ఎందుకు’ అను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మానవులకు రెండువేల యేండ్లు పట్టెను.

పూవు మాటకు ముందు మొక్క సంగతి క్లుప్తముగ జెప్పి ముగింతును. వేరు మొక్కను నిలబెట్టును, నేలలోని నీటిని, ఆ నీటిలో కరగిన లవణములను పీల్చును. కాండము వానిని పైకి గొనిపోవును, ఆకులను ఎండలోనికి ఎత్తి పట్టును. ఆకు తిండి వండు వంటయిల్లు. మొక్క మన్ను తినియే పెరుగునని పూర్వులు నమ్మిరి. వాన్ హెల్మాంటు అను బెల్జియము దేశపు వైద్యుడు ఎండబెట్టిన మన్ను 200 పౌనులు తూచి తొట్టిలో బోసి, 5 పౌనుల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రమే పోసెను. చెట్టు 169 పౌనులు దాటెను. మన్ను తగ్గినది రెండు ఔన్సులు. చెట్టంతయు నీటినుండియే వచ్చినదని ఆయన నిర్ణయించెను. ఆయన గతించిన తరువాత 1648లో ఈ వృత్తాంతము అచ్చుపడెను. నిర్ణయము తప్పు, తూనిక ఒప్పు. నీటితోబాటు గాలియు చెట్టునకు ఆహారమని తరువాత తేలినది. ఎండ తగిలినప్పుడు పచ్చని భాగములు మాత్రమే చెడుగాలిని మంచిగాలిగా మార్చునని 1779లో ఇంగెన్‌హౌజు కనుగొనెను. మన కొట్టములోని ధాన్యమంతయు గాలియు, నీరును, ఎండయు కలిసి గట్టిపడిన రూపమే. మన్నుపాలు స్వల్పము, అయినను అది లేక గడవదు.

ఇక పూవు. ప్రత్తిపూవునొకదానిని చేతబట్టుకొనుడు. అన్నిటికంటె వెలుపల అంచులు చీలిన మూడు పచ్చని ఆకులు. దూదికాయ విరిసిన తరువాత కూడ ఇవి ఎండి దానిని అంటిపెట్టుకొని యుండును. వానిలోపల గిన్నెవంటి పచ్చని తొడుగు. దీనిని రక్షకపత్రములందురు, మొగ్గను కాపాడుట దీని పని. దానిలోపల అయిదు రేకులు. రేకులు పురుగులను పిలుచుటకు కట్టిన తోరణములు. మొదటి దినము లేతపసుపుగానో తెల్లగానో యుండి, మఱునాటికి ఎఱ్ఱవాఱి ముడుచుకొనును. నడుమ ఒక గొట్టము, ఆ గొట్టము చుట్టును సన్నని కాడలపై పొడితిత్తులు. ఇవి కేసరములు, ఆ పొడియే పుప్పొడి. గొట్టము మధ్యనుండి ఒక పుల్ల పైకి పొడుచుకొని వచ్చును. దాని కొనను కీలాగ్రమందురు. ఆ పుల్ల మొదట, గిన్నెలో దాగి, చిన్న పిందె. పిందెను చీల్చినచో లోపల ముత్యములవంటి లేతగింజలు వరుసగా నుండును. ఇంతే పూవు. ప్రత్తిపూవున పోతుభాగమును, పెంటిభాగమును ఒకేచోట నున్నవి. గుమ్మడియందును, ఆముదమునందును ఒకే మొక్కపై వేఱువేఱు పూవులుగా నున్నవి. తాడియందు చెట్లే వేఱు.

తాడిమాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. పోతుతాడు, పండుతాడు అను భేదమును మన గౌండ్లవారు ఎవరివద్దను నేర్చుకొనలేదు. ఖర్జూరము పండించు దేశములవారికిని ఈ భేదము ప్రాచీనకాలముననే తెలియును. పోతుచెట్టు గెలను తెచ్చి పెంటిచెట్టు గెలపై దులిపినచో పండ్లు రాలక నిలుచునని క్రీస్తునకు సుమారు 300 యేండ్ల ముందు థియోఫ్రాస్టసు అను గ్రీకు పండితుడు వ్రాసి యుంచెను. వ్రాసెనే గాని, ఈ సూత్రము పూవులు పూయు మొక్కలన్నిటికి చెల్లునని ఆయన గ్రహింపలేదు. మన చరకసంహితయందును కొడిశ చెట్టునకు స్త్రీపురుష భేదము చెప్పబడినది. దీనిని జూపి, సర్వము మన పూర్వులు ఎఱుగుదురని కొందఱు వాదింతురు. నేను అట్లనజాలను. అచ్చట భేదము పూవు కాయల పరిమాణమును, రంగును బట్టి చేయబడినది గాని పుప్పొడిని బట్టి కాదు. పూర్వులకు నిజముగ తెలిసినదే చాలినంత కలదు. తెలియనిది తెలిసినదని చెప్పి వారికి కొత్తగౌరవము తేనక్కఱలేదు.

ఇంగ్లండులో నెహీమియా గ్రూ అనునతడు సూక్ష్మదర్శినితో మొక్కలను కోసి చూచి, 1682లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. కేసరములు మగభాగములై యుండవచ్చునని అందులో సూచించెను. సూచనయే గాని నిరూపణము లేదు. ఫ్రాన్సులో టూర్న్‌ఫోరు అను మహాపండితుడు పుప్పొడి మొక్క విసర్జించు మలినము మాత్రమే యని బోధించుచుండెను. ఆయన గ్రంథము 1694లో వెలువడెను. దానికి జవాబనదగిన జాబు అదే యేటనే, జర్మనీ దేశమునందలి ట్యూబింగెన్ పట్టణమున, ఒక వైద్యుని చేతినుండి వెలువడెను.

ఆ వైద్యుని పేరు రుడాల్ఫ్ యాకోబ్ కామెరారియసు. 1665లో పుట్టెను. విశ్వవిద్యాలయమున వైద్యము బోధించుచు, అచ్చటి ఔషధవనమును చూచుకొనుచుండెను. తోటలో పెంటి బొంతచెట్టొకటి యుండెను. సమీపమున పోతుచెట్టు లేదు. అయినను అది పండ్లు పండెను. ఇతరులైనచో అంతటితో విడిచియుందురు. ఆయన ఆ పండ్లను చిదిపి గింజలను చూచెను. గింజలన్నియు తాలు. అప్పటినుండి ఆయనకు కునుకు పట్టలేదనుకొందును. పోతుమొక్కలు, పెంటిమొక్కలు వేఱుగా నుండు కలుపుమొక్కలను తెచ్చి, పెంటివానిని కుండీలలో వేఱుగ నుంచెను. కాయలు నిండుగ కాసెను గాని గింజలు వాడి ముడుతలు పడెను.

తరువాత ఆయన పట్టుకొన్నది మన ఆముదము. గెలపై పోతుమొగ్గలు విచ్చి పొడి రాల్పకముందే వానినన్నిటిని గిల్లివేసెను. పెంటిపూవులు కొన్ని అప్పటికే పిందెలై యున్నవి, వానిని ముట్టలేదు. ఫలమేమనగా, ఒక్క గట్టిగింజయు రాలేదు. వట్టి పొట్టుకాయలు వ్రేలాడి, వాడి, రాలిపోయెను. మొక్కజొన్నకంకికి పీచువంటి కుచ్చు వచ్చును గదా. ఆ కుచ్చును మొదలంట కత్తిరించెను. ఆ కంకులకు గింజలే లేవు. పోతు తీసివేసినను గింజ లేదు, పెంటిద్వారము మూసివేసినను గింజ లేదు. కావున గింజ రెండింటి కలయికవలననే కలుగునని నిర్ణయించి, 1694 ఆగస్టు 25వ తేదీన గీసెన్ పట్టణముననున్న వాలెంటిని అను మిత్రునకు లాటిను భాషలో దీర్ఘమైన జాబు వ్రాసెను. ఆ జాబే శాస్త్రగ్రంథముగ నిలిచిపోయెను.

నేను పాక యెక్కి చేసినదియు అదే ప్రయోగము. ఆయన తెలిసి చేసెను, నేను తెలియక చేసితిని. ఆయనకు శాస్త్రము దక్కెను. మాకు గుమ్మడికాయ తప్పిపోయెను.

ఆ జాబులో నాకు మిక్కిలి నచ్చినది ఆయన గెలిచిన ఘట్టము కాదు, ఓడిన ఘట్టము. పెంటి జనుపమొక్కలను వేఱుగ పెంచి చూచెను. జనుపమనగా ఇచ్చట గంజాయిజాతి నారమొక్క. పోతుమొక్కలు లేకున్నను వానికి కొన్ని గట్టిగింజలు వచ్చెను! తన సిద్ధాంతమునకు ఇది గొడ్డలిపెట్టు. ఎవరును చూడలేదు, చెప్పకున్నను అడుగువారు లేరు. ఆయన దానిని దాచక జాబులో వ్రాసి, నాకు కారణము బోధపడలేదని ఒప్పుకొనెను. పెంటి గంజాయిమొక్కపై అప్పుడప్పుడు ఒకటి రెండు పోతుపూవులు పుట్టుచుండునని తరువాతివారు కనిపెట్టిరి. అనగా సిద్ధాంతము సరియైనదే. కాని ఆ సంగతి తెలియకయే, ఎదురు వచ్చిన సాక్ష్యమును సైతము పుటకెక్కించిన మనిషిమాట నమ్మదగినదని నాకు తోచుచున్నది.

పిమ్మట కథ వేగముగ సాగెను. స్వీడను దేశపు లిన్నేయసు 1735లో కేసరముల లెక్కనుబట్టియు, కీలముల లెక్కనుబట్టియు మొక్కలన్నిటిని తరగతులుగ విభజించెను. పూవులకు పెండ్లిమాటలు కట్టుట అసభ్యమని సీగెస్‌బెక్ అను పండితుడు 1737లో మండిపడెను. తగవు చాల దినములు నడచెను. అయినను లెక్కించుట సులభము గనుక ఆ పద్ధతి లోకమంతట ప్రాకెను.

మన తెలుగుసీమకును వచ్చెను. విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువున 1781 మొదలు సామర్లకోటలో నుండి, అచ్చట తోట వేయించి, మిరియములు, కాఫీ మొదలగువానిని పెంచి చూచెను. కోరమండలతీరపు మొక్కలనుగూర్చి ఆయన సిద్ధపఱచిన గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగ, 300 చిత్రములతో లండనులో అచ్చయ్యెను. మొక్కలకు తెలుగుపేళ్లను ఆయన వ్రాసికొనెను. బొమ్మలను ఇచ్చటి చిత్రకారులచేత వ్రాయించెను. పూవుబొమ్మ ప్రక్కనే దాని కేసరములను, కీలమును, చీల్చిన పిందెను వేఱుగ వ్రాసిరి. లిన్నేయసు లెక్కకు అది అవసరము. బహుశః తెలుగుదేశమున పూవును విప్పి, అందులోని కేసరములనెల్ల లెక్కించి కాగితముపై నిలిపిన మొదటివారిలో ఆ చిత్రకారులును ఉందురు. దొర పేరు మిగిలినది. వారి పేళ్లు మనకు దక్కలేదు.

పుప్పొడి అవసరమని తెలిసినను, అది పూవునుండి పూవునకు ఎట్లు పోవును? కోల్రాయిటరు అను జర్మను పండితుడు రెండు తెగల పొగాకుమొక్కలకు పుప్పొడి మార్చి, సంకరమొక్కలను పుట్టించి, 1761 మొదలు ఆ వివరములను ప్రకటించెను. ఆ సంకరమునకు కంచరగాడిదవలె సంతతి కలుగలేదు. పుప్పొడిని మోయువానిలో పురుగులు ముఖ్యములని ఆయన గుర్తించెను. దానిని సమగ్రముగ చూచినవాడు స్ప్రెంగెలు. ఇతడు స్పాండౌ పట్టణమున బడిపెద్ద. 1787లో ఒక అడవిపూవు రేకుల మొదట సన్నని వెండ్రుకలు చూచి, వ్యర్థముగ ఇవి ఏల యుండవలెనని ఆలోచించెను. వానచినుకు తేనెలో కలియకుండ అవి కాపాడుచున్నవని తెలిసెను. మఱి తేనె ఎవరికొఱకు? తేనెటీగ కొఱకు. తేనెటీగ ఎందుకు? పుప్పొడి మోయుటకు. రేకులపై గీతలు తేనెయొద్దకు త్రోవ చూపు గుర్తులని ఆయన వ్రాసెను. 1793లో గ్రంథము వెలువడెను. కొన్నవారు లేరు. మఱుసటి యేడు ఉద్యోగము పోయెను. బెర్లినులో పేదఱికమున పాఠములు చెప్పుకొనుచు కాలము గడపెను. ఆయన గతించిన చాలకాలమునకు చార్లెసు డార్విను ఆ గ్రంథమును చదివి, అందులోని సత్యమును లోకమునకు చాటెను. ఆముదము, మొక్కజొన్న, వరి మొదలగువానికి గాలియే మోతగాడు. గుమ్మడికి, దోసకు తేనెటీగ కావలెను. పూత నిండుగ నున్న ఉదయమున పురుగుమందు చల్లువారు ఈ సంగతిని తలంచుకొనవలెను. గుమ్మడిపూవు తెల్లవాఱుజామున విచ్చి ప్రొద్దెక్కకముందే ముడుచుకొనును. ఆ నాలుగు గంటలలో ఈగ వచ్చినదా కాయ, రానిచో లేదు.

పొడి కీలాగ్రముపై పడినతోడనే పని తీఱినదా? లేదు. గింజలు పిందె అడుగున నున్నవి, పొడి కొనను పడినది. ఈ నడుమ త్రోవను కనిపెట్టినవాడు ఇటలీ దేశపు అమీచి. ఆయన సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచినది ఏ మొక్కను? మన గంగవాయిలి కూరను. పప్పులో వేసికొని తినెడి ఆ కలుపుమొక్క కీలాగ్రముపై నిలిచిన పుప్పొడి రేణువునుండి సన్నని గొట్టమొకటి మొలచుటను ఆయన చూచెను. 1824లో ఆ సంగతి వెల్లడియయ్యెను. 1830 నాటికి ఆ గొట్టము లోనికి దిగి లేతగింజను చేరుచున్నదని తెలిసికొనెను. ష్లైడెను అను ప్రసిద్ధపండితుడు 1837లో, పిల్లమొక్క ఆ గొట్టపు కొననుండియే పుట్టునని, పిందె ఒట్టి పొత్తిలియే గాని దానివలన వచ్చునది ఏమియు లేదని వాదించెను. తండ్రియే బిడ్డను కనును, తల్లి పెంచును అన్నట్లున్నది! పదేండ్లు దాటిన తరువాత గాని ఆ వాదము కూలలేదు. తండ్రిపాలు, తల్లిపాలు కలియుటను 1884లో స్ట్రాస్‌బుర్గరు కన్నులార చూచెను.

ఇంకొక విచిత్రము 1898లో తేలినది. రష్యా పండితుడు నవాషిను చూచిన దేమనగా, గొట్టములోనుండి రెండు బీజకణములు దిగును. ఒకటి అండముతో కలిసి పిల్లమొక్కయగును. రెండవది వేఱొకచోట కలిసి, ఆ పిల్లకు కావలసిన తిండిముద్దయగును. పూవులు పూయు మొక్కలకే ఈ ఏర్పాటు గలదు. ఆముదపుగింజను పగులగొట్టినచో లావుగా తెల్లగా నుండు పప్పంతయు ఈ తిండిముద్దయే. నడుమ కాగితమువలె పలుచగ నున్న రెండు ఆకులే పిల్లమొక్కవి. గానుగలో మీరు ఆడించు నూనె అంతయు ఆ పిల్లకు దాచిన చద్దిమూట. వరిబియ్యము, గోధుమపిండి, కొబ్బరిబొండములోని నీళ్లు కూడ అట్టివే. లోకము తిను అన్నములో ఎక్కువభాగము పూవులు తమ బిడ్డలకు కట్టిన సద్దియే. మన దేశమున పంచానన మహేశ్వరి ఈ విద్యయందు పేరుమోసెను. పూవులో జరుగవలసిన ఆ కలయికను గాజునాళములో, గసగసాల లేతగింజలపై, ఆయనయు ఆయన సహచరులును ఢిల్లీ విశ్వవిద్యాలయమున 1962లో జరిపి చూపిరి.

ఇక మన చేలకు వత్తము. పోతును గిల్లి, పొడిని తెచ్చి, కోరిన జతను కలుపవచ్చునని తెలిసిన తరువాత సంకరవిత్తనము చేయుట సాధ్యమయ్యెను. ఆముదమున అన్నియు పెంటిపూవులే వేయు గెలలుగల మొక్కలు దొరకెను. వానిని ఉపయోగించి గుజరాతులో 1968లో మొదటి సంకర ఆముదమును విడుదల చేసిరి. విత్తనపుచేనిలో పెంటిమొక్కల సాళ్లు కొన్ని, పోతుసాలు ఒకటి వేయుదురు. పొడిని గాలి మోయును. కామెరారియసువలె ఒక్కొక్క మొగ్గను గిల్లనక్కఱలేదు. ప్రత్తియం దట్లు కుదురలేదు. సూరతులో డాక్టరు సి. టి. పటేలు 1970లో ప్రకటించిన సంకరప్రత్తి మంచి పంట నిచ్చెను గాని, దాని విత్తనమును మొగ్గ మొగ్గకును చేతితో చేయవలెను. ఆ సంకరము గింజలు దాచి నాటినచో మఱుసటి యేడు ఒక్కొక్క మొక్క ఒక్కొక్క తీరున పోవును. కావున ప్రతియేడు కొత్తవిత్తనము. ప్రతియేడు మఱల చేతిపని.

ఆ పని మా పాలమూరు, గద్వాల సీమలకును, కర్నూలు, నంద్యాల సీమలకును వచ్చెను. దానిని క్రాసింగు అందురు. మధ్యాహ్నము దాటిన తరువాత చేనిలో తిరిగి, మఱునాడు విచ్చబోవు మొగ్గను గుర్తించి, బొటనవ్రేలి గోటితో రేకులను, కేసరముల గొట్టమును ఒక్కపట్టున ఒలిచివేయవలెను. కీలము విఱుగరాదు, ఒక్క పొడితిత్తియు మిగులరాదు. మఱునాడు ఉదయమున పోతువరుస పూవులను తెచ్చి, ఒక్కొక్క కీలాగ్రమునకు రాయవలెను. ఇట్లు రెండు నెలలకు పైగా, ప్రతిదినము. సరిగా భాద్రపదాశ్వయుజములలో, బతుకమ్మ దినములలో. సన్నని వ్రేళ్లు మేలని, కూలి తక్కువయని ఆడపిల్లలను పెట్టిరి. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించిరి. పదునాలుగేండ్లు నిండని పిల్లలను కూలికి పెట్టుకొనుట అన్ని పనులయందును నేరము.

కొన్నేండ్ల క్రిందట నేను ఒక బంధువు చేనికి పోయితిని. పదిపండ్రెండేండ్ల పిల్ల మొగ్గలు ఒలుచుచున్నది. “ఈ మొగ్గ రేపు విప్పుతదని నీకెట్ల ఎర్కనే?” అని అడిగితిని. “కొస బూరి తెల్లగయితది తాతా. ఇది ఎల్లుండిది, ముట్టొద్దు” అన్నది. పాఠ్యపుస్తకమున నాలుగు పుటలలో చెప్పిన దంతయు ఆ పిల్ల వ్రేళ్లలో నున్నది. పొడి మిగిలినచో కాయలోని గింజ కల్తీయగునని, కంపెనీవారు వెనుకకు కొట్టుదురని కూడ చెప్పినది. బడిమాట అడిగితిని. పండుగ సెలవులకు ముందునుండియే పోవుట లేదనియు, కాయ పగిలిన తరువాత పోదుననియు చెప్పినది. ఆనాటి సాయంకాలము నా బంధువుతో చట్టముమాట ఎత్తితిని. పెద్దవారి కూలి తనకు గిట్టదనియు, కంపెనీ ధర పెంచదనియు, తన్ను మాత్రమే తప్పు పట్టనేల యనియు ఆయన అన్నాడు. పెద్దవారిని పెట్టుకొన్న రైతులు ప్రక్క ఊరిలోనే నలుగురున్నారు గదా యంటిని. భోజనము మౌనముగ ముగిసినది.

మఱునాటి ఉదయము నా సంచిలోనున్న వృక్షశాస్త్ర పుస్తకమును ఆ పిల్లకు చూపితిని. అందు ప్రత్తిపూవును నిలువునకు చీల్చిన బొమ్మ యున్నది, నల్లని గీతలతో వేసినది. పిల్ల చేతులు లంగాకు తుడుచుకొని, పుస్తకమును ముట్టక, వంగి చాలసేపు చూచినది. గిన్నెను, పిందెను, లోపలి గింజలను వరుసగ గుర్తుపట్టినది. పిమ్మట తన పసుపుపచ్చని గోటిని బొమ్మకు దగ్గఱగ పట్టి, “అన్ని ఉన్నయి గని, దీంట్ల పొడి లేదు తాతా” అన్నది.